పటం మీది గీత, ఆడపిల్ల రాత

మధ్యాహ్నం పని సర్దుకున్నాక పిల్లల అట్లాసు ఒకసారి తీసి చూడండి. ధవళేశ్వరం దిగువన గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ. ఈ రెంటికీ సముద్రానికీ నడుమ మూడు మూలల గుడ్డముక్కలా ఉన్నదే కోనసీమ. ఆ ముక్కని కూడా వైనతేయ అనే పాయ మళ్ళీ చీల్చి, రాజోలుని అమలాపురం నుంచి విడదీసి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. వంతెనలు రాకముందు పుట్టింటికి వెళ్ళాలంటే ముందు రేవుకి వెళ్ళాలన్నమాట!

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. తరవాత కాటన్ దొర హయాంలోనే గన్నవరం దగ్గర వైనతేయ మీద అక్విడెక్టు కట్టి రాజోలు వైపు పొలాలకి నీరు పంపారు. పటంలో రెండు గీతలు ఒకదాన్నొకటి దాటితే దారులనుకుంటాం. ఇక్కడ రెండూ నీళ్ళే, కింద ఏరు, పైన కాలవ.

ఇక గౌతమి ఒడ్డుకి రండి. ఎదుర్లంక రేవులో నిలబడితే అవతల యానాం కనిపిస్తుంది. మాట మనదే, వంటా మనదే. కాని పటంలో దాని రంగు వేరు. సుమారు 30 చదరపు కిలోమీటర్ల ఆ ముక్క అప్పట్లో ఫ్రెంచివారిది. మన పెద్దలకి ఆ రంగు తేడా ఒకప్పుడు బాగా పనికొచ్చింది.

1929లో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకి 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండందే పెళ్ళి చెయ్యకూడదన్నారు. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఫ్రెంచివారి యానాంలో ఆ అడ్డు లేదు. ఇంకేం, మేళతాళాలతో పెళ్ళివారు పడవలెక్కి ఏరు దాటారు. ఎక్కడెక్కడి తెలుగువాళ్ళో వచ్చి పెళ్ళిళ్ళు చేసుకోవడంతో ఆ ఊరికి కళ్యాణపురమని పేరు పడింది. ఎంత ముద్దుగా ఉందో చూడండి పేరు! ఎనిమిదేళ్ళ పిల్లకి సరిహద్దు సంగతి ఏం తెలుసు? పట్టుపరికిణీ, పడవ షికారు, అంతే దాని సంబరం. ఇవతలి ఒడ్డున నేరమైన పని అవతలి ఒడ్డున శుభకార్యమైంది. ఆ పిల్ల మటుకు రెండు ఒడ్డులా ఒకతే కదా!

1954లో ఫ్రెంచి పాలన పోయింది, 1962లో విలీనం చట్టరీత్యా ఖాయమైంది. యానాం ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. 2002లో ఎదుర్లంక, యానాంల మధ్య వంతెన పడింది. 2022లో అమలాపురం ముఖ్యపట్టణంగా కోనసీమ వేరే జిల్లా అయింది. కొత్త పటంలోనూ యానాం రంగు వేరుగానే ఉంటుంది. వంతెన మీద బస్సు మాత్రం రెండు నిమిషాల్లో ఆ గీత దాటేస్తుంది.