మూసిన తలుపుల వెనుక 180 కోట్ల పౌండ్లు

2023 జూన్ 7, బుధవారం. ఇంగ్లండ్‌లోని సర్రే కౌంటీ, వోకింగ్ పట్టణం. వాన జాడ లేదు. ఈశాన్యం నుంచి పొడిగాలి విసురుతోంది. రైలు దిగి స్టేషన్ బయటికొస్తే ఊరికంటే ముందు కనిపించేవి టవర్లు. వాటిలో పెద్దది 34 అంతస్తులు. గాజు పలకల మీద ఎండ తళుక్కుమంటోంది. కింద కొత్త దుకాణాలు, పక్కనే హిల్టన్ హోటల్. అక్కడికి కూతవేటు దూరంలో కౌన్సిల్ ఆఫీసు. ఆ ఆఫీసులో ఒక నివేదిక సిద్ధంగా ఉంది.

ఓటింగ్ లేదు. చర్చ లేదు. ఎవరూ చెయ్యెత్తక్కర్లేదు. కౌన్సిల్ ఆదాయానికి ఖర్చు మించిపోతోందని తేలితే ఆర్థిక విభాగం పెద్ద ఈ నివేదిక రాసి తీరాలి. 1988 నాటి చట్టంలోని 114వ సెక్షన్ అది. కాపీ ప్రతి కౌన్సిలర్‌కీ చేరాలి. ఆడిటర్‌కీ చేరాలి. నివేదిక బయటికి వెళ్లింది. తెరిచినవాళ్ల కళ్లు ఒక్క అంకె దగ్గర ఆగిపోయాయి.

లోటు 120 కోట్ల పౌండ్లు.

మన లెక్కలో 12 వేల కోట్ల రూపాయలకు పైనే. ఆ ఏడాది కౌన్సిల్ చేతిలో ఉన్న ప్రధాన నిధులు 1.6 కోట్ల పౌండ్లు. అంటే దీపాలన్నీ ఆర్పేసి, ఉద్యోగులందర్నీ ఇంటికి పంపేసి, ఒక్క పెన్నీ ఖర్చు పెట్టకుండా 75 ఏళ్లు కూర్చుంటే పూడే గొయ్యి. ఊళ్లో ఉన్నది లక్షా నాలుగు వేల మంది. అప్పటికే నెత్తిన ఉన్న అప్పు 180 కోట్లు. పసిపిల్లలతో సహా తలకు 17 వేల పౌండ్లకు పైగా పడుతుంది. ఆ తలల్లో ఎన్నింటికి ఈ సంగతి తెలుసు?

కొన్నేళ్లు వెనక్కి వెళ్లాలి.

సాయంత్రం. కౌన్సిల్ హాలు. మైకులు, నీళ్ల గ్లాసులు, మందపాటి ఎజెండా కట్టలు. ప్రజల కోసం వేసిన కుర్చీల్లో పట్టుమని పదిమంది ఉండరు. చెత్త బండ్లు, పార్కులు, పార్కింగ్ మీద చర్చ సాగుతుంది. ఒకటో రెండో చలోక్తులు పడతాయి. ఆ తర్వాత అధ్యక్ష స్థానం నుంచి ఒక తీర్మానం వినిపిస్తుంది. 1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం, షెడ్యూల్ 12ఎ, మొదటి భాగం, మూడో పేరా. సంస్థల ఆర్థిక, వ్యాపార వ్యవహారాలు బయటపడే అవకాశం ఉంది కాబట్టి పత్రికలవాళ్లూ ప్రజలూ దయచేసి బయటికి వెళ్లాలి. కుర్చీలు కిర్రుమంటాయి. కోట్లు భుజాల మీదికి ఎక్కుతాయి. తలుపు మూసుకుంటుంది.

అసలు మీటింగ్ అప్పుడు మొదలవుతుంది.

ఆ తలుపు మూయడం నేరం కాదు. బేరం కుదరకముందే ధర ఎదుటివాడికి తెలిస్తే నష్టం జరుగుతుంది, నిజమే. కానీ అదే చట్టం ఇంకో మాట కూడా చెప్తుంది: దాచడం వల్ల కలిగే మేలు, చెప్పడం వల్ల కలిగే మేలుకంటే ఎక్కువైతేనే దాచాలి. ఆ తూకం ప్రతిసారీ వేయాలి. వోకింగ్‌లో ఊరి భవిష్యత్తునంతా తాకట్టు పెట్టే నిర్ణయాలు ఇలా తలుపు వెనకే ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. టవర్లు మాత్రం అందరి కళ్లముందే లేచాయి.

ఊరు మారాలన్నది అందరూ ఒప్పుకున్న మాటే. కాంక్రీటు పాతబడింది. షాపింగ్ అంటే జనం గిల్డ్‌ఫర్డ్‌కో, లండన్‌కో రైలెక్కుతున్నారు. పైగా వోకింగ్‌కి ధైర్యం చేసి గెలిచిన చరిత్ర ఉంది. 1999లో ఈ కౌన్సిల్ థేమ్స్‌వే అనే కంపెనీ పెట్టి, ఊరికి కావాల్సిన కరెంటూ వేడీ ఊళ్లోనే తయారు చేయించింది. పార్కులోని ఈతకొలనుకి ఫ్యూయల్ సెల్‌తో వేడి అందించింది. దేశం నలుమూలల నుంచి చూడ్డానికి వచ్చారు. ఒక చిన్న కౌన్సిల్, సొంత కంపెనీ, పెద్ద ఆలోచన. అది పనిచేసింది. పనిచేసింది కాబట్టే రెండోసారి ఆపేవాళ్లు లేకపోయారు.

రెండోసారి పేరు విక్టోరియా స్క్వేర్.

ఒక ప్రైవేటు సంస్థతో కలిసి కౌన్సిల్ ఇంకో కంపెనీ పెట్టింది. 400కు పైగా ఫ్లాట్లు, హోటల్, దుకాణాలు, పార్కింగ్. డబ్బు? కంపెనీకి కౌన్సిల్ అప్పిస్తుంది. కౌన్సిల్‌కి ఎవరిస్తారు? కేంద్ర ప్రభుత్వానికి చెందిన పబ్లిక్ వర్క్స్ లోన్ బోర్డ్. దాని దగ్గర వడ్డీ తక్కువ. దరఖాస్తు పెడితే రోజుల్లో డబ్బు ఖాతాలో పడుతుంది. ఏం కడుతున్నారు, గిట్టుతుందా, గిట్టకపోతే ఎలా తీరుస్తారు అని అప్పట్లో బోర్డు ఆరా తీసేది కాదు. అది కౌన్సిల్ తేల్చుకోవాల్సిన సంగతి అని వదిలేసేది. కౌన్సిల్ తేల్చుకునేది మూసిన తలుపు వెనుక. బోర్డు కౌన్సిల్‌ని నమ్మింది, కౌన్సిల్ కంపెనీని నమ్మింది, కంపెనీ రేపటి అద్దెల్ని నమ్మింది, అప్పిచ్చే కౌన్సిల్‌లో పనిచేసే పెద్దలే అప్పు తీసుకునే కంపెనీల బోర్డుల్లోనూ కుర్చీలేసుకుని కూర్చున్నారు కాబట్టి ఇటువైపు నుంచి గట్టిగా ప్రశ్నించాల్సిన గొంతే అటువైపు నుంచి జవాబు చెప్పింది, ఈలోగా క్రేన్లు తిరుగుతూనే ఉన్నాయి, అంతస్తు మీద అంతస్తు పడుతూనే ఉంది, విక్టోరియా స్క్వేర్ ఖర్చు 70 కోట్ల పౌండ్ల దాకా ఎగబాకింది.

ఈలోగా ఇంకో లెక్క తప్పింది. ఇది టవర్లలా కంటికి కనిపించేది కాదు.

అప్పు తెచ్చిన కౌన్సిల్ ఏటా అసలులో కొంత భాగం పక్కన పెట్టాలి. ఇంటి లోను తీసుకున్నవాడు వడ్డీతో పాటు అసలూ కొంచెం కొంచెం కడతాడే, అలాగ. వోకింగ్ పెట్టాల్సినంత పెట్టలేదు. కంపెనీ తిరిగి కడుతుందిలే అన్న లెక్క మీద ఆ వాటాని తగ్గించుకుంది. అందుకే ఏడాది చివర పద్దులు బాగానే కుదిరినట్టు కనిపించాయి. పన్ను కట్టేవాడి ఇంటికి బిల్లు మామూలుగానే వచ్చింది. ఎవరికీ నొప్పి తెలియలేదు.

2020 నవంబర్‌లో ప్రభుత్వానికి భయం పట్టుకుంది. దేశంలో చాలా కౌన్సిళ్లు చౌక అప్పులతో ఆఫీసు భవనాలూ షాపింగ్ సెంటర్లూ కొని అద్దెల వ్యాపారంలోకి దిగిపోయాయి. లాభం కోసమే ఆస్తులు కొనే కౌన్సిళ్లకు ఇక అప్పు లేదని బోర్డు నిబంధన మారింది. కానీ పట్టణ పునర్నిర్మాణానికి దారి తెరిచే ఉంచారు. వోకింగ్ కడుతున్నది సరిగ్గా అదే.

మరి ఆడిటర్లు? ఆ ప్రశ్న అప్పటికే ఒకాయన అడిగాడు. 2020 సెప్టెంబర్‌లో సర్ టోనీ రెడ్‌మండ్ ప్రభుత్వానికి ఒక సమీక్ష ఇచ్చాడు. స్థానిక సంస్థల ఆడిట్, లెక్కల పారదర్శకత అందులో విషయం. కౌన్సిళ్ల వార్షిక లెక్కలు సామాన్యుడికి కొరుకుడు పడడం లేదన్నాడు. 2018-19 ఆడిట్లలో నూటికి 40 గడువు దాటిపోయాయన్నాడు. ఊరివాళ్లకి అర్థమయ్యేలా ఒక చిన్న, సులువైన ఆదాయ వ్యయాల పత్రం ప్రతి కౌన్సిల్ ఇవ్వాలన్నాడు. కౌన్సిళ్ల మీద కన్నేసి ఉంచిన ఆడిట్ కమిషన్‌ని ప్రభుత్వం 2015లోనే ఎత్తేసింది. సమీక్ష తర్వాత పరిస్థితి ఇంకా దిగజారింది. 2022-23 లెక్కల వంతు వచ్చేసరికి గడువులోగా ఆడిట్ పూర్తయినవి నూటికి ఒకటి.

రెడ్‌మండ్ పేరు గుర్తుంచుకోండి. ఆయన మళ్లీ వస్తాడు.

2022 మే. ఎన్నికలు. ఏళ్లుగా కన్సర్వేటివ్‌ల చేతిలో ఉన్న వోకింగ్ లిబరల్ డెమోక్రాట్ల చేతికి వచ్చింది. ఆన్-మేరీ బార్కర్ కౌన్సిల్ నాయకురాలయ్యారు. గెలిచిన సంబరం ఆరకముందే ఫైళ్లు తెరుచుకున్నాయి. ప్రతి అప్పుకీ కాగితం ఉంది. ప్రతి కాగితం వెనుకా తీర్మానం ఉంది. ఒక్కో కంపెనీకి ఇచ్చిన రుణాన్ని దాని ఆస్తుల విలువ పక్కన పెట్టి చూశారు. పెట్టిన డబ్బుకీ మిగిలిన విలువకీ పొంతన లేదు. ఆ తేడా అంతా ఒకచోట కూడితే ఏమవుతుంది?

ప్రభుత్వం సమీక్షకులను పంపింది. 2023 మే 25న నిర్ణయం వెలువడింది: వోకింగ్ సొంత కాళ్ల మీద నిలబడలేదు, కమిషనర్లను పంపుతున్నాం. వాళ్ల పెద్ద సర్ టోనీ రెడ్‌మండ్. లెక్కలు జనానికి కనబడడం లేదని దాదాపు మూడేళ్ల క్రితం రాసిన మనిషి, ఆ చీకటి ఒక ఊరిని ఏం చేస్తుందో చూడ్డానికి అదే ఊళ్లో అడుగు పెట్టాడు. రెండు వారాలు తిరక్కుండానే జూన్ 7 వచ్చింది.

నివేదిక బయటికెళ్లిన క్షణం నుంచి కొత్త ఖర్చులన్నీ ఆగిపోయాయి. చట్టప్రకారం తప్పనివి మాత్రమే నడవాలి. 21 రోజుల్లో కౌన్సిల్ కూర్చుని జవాబు చెప్పాలి. ఇంగ్లండ్‌లో కౌన్సిల్‌ని దివాలా తీయనివ్వరు, వేలం వేయరు. అందుకే అప్పు ఎక్కడికీ పోదు. అది మెట్లు దిగి వీధిలోకి వస్తుంది.

ఆ శరదృతువులో వచ్చింది. ఏం తగ్గించుకుందాం చెప్పండంటూ కౌన్సిల్ ఊరిని అడిగింది. జాబితాలో పబ్లిక్ టాయిలెట్లు ఉన్నాయి. వృద్ధుల సేవలు ఉన్నాయి. స్వచ్ఛంద సంస్థలకిచ్చే సాయం ఉంది. ఒకప్పుడు ఊరికి పేరు తెచ్చిన ఈతకొలను కూడా ఉంది. పెద్దవయసువాడు బజారుకి బయల్దేరే ముందు దారిలో టాయిలెట్ తెరిచి ఉంటుందా అని ఆలోచించుకోవాల్సిన రోజులవి. హోటల్ కట్టాలా అని ఆయన్ని ఎవరూ అడగలేదు. దాని మీద ఎంత అప్పుందో ఎవరూ చెప్పలేదు. ఏం వదులుకుంటావని మాత్రం అడిగారు. ఇది అన్యాయం. 2024లో కౌన్సిల్ తన వాటా పన్నుని దాదాపు 10 శాతం పెంచింది. మామూలు పరిమితి దాటడానికి ప్రభుత్వం ప్రత్యేకంగా ఒప్పుకుంది.

ఇక్కడ ఒక హక్కు గురించి చెప్పాలి. 2014 నాటి ఆడిట్ చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో ప్రతి కౌన్సిల్ ఏటా 30 పనిదినాల పాటు తన లెక్కల పుస్తకాల్ని జనం ముందు పెట్టాలి. బిల్లులు, ఒప్పందాలు, వోచర్లు. ఊళ్లో ఓటున్నవాళ్లెవరైనా వెళ్లి చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు, ఆడిటర్‌ని ప్రశ్నించొచ్చు, అభ్యంతరం రాయొచ్చు. చాలామందికి ఆ కిటికీ ఉందని కూడా తెలియదు. తెలిసి వెళ్లినా వాణిజ్య రహస్యమన్న అడ్డుగోడ ఎదురవుతుంది. పైగా అసలు డబ్బు కౌన్సిల్ పుస్తకాల్లోంచి కంపెనీల పుస్తకాల్లోకి జారిపోయింది. ఆ పుస్తకాలు తెరిచి అడిగే హక్కు ఊరివాడికి లేదు. కౌన్సిల్ పక్కన కంపెనీ పెట్టగానే ఆ హక్కు సగం చచ్చిపోతుంది. అప్పుల సంగతి తర్వాత, ముందు బాగుచేయాల్సింది ఇదే.

2024 నవంబర్. ఆడిట్ సంస్థ గ్రాంట్ థార్న్‌టన్ ప్రజాహిత నివేదిక విడుదల చేసింది. మామూలు ఆడిట్ లేఖ కాదిది. తప్పు మరీ పెద్దదైతే ఆడిటర్ చట్టప్రకారం బహిరంగంగా చెప్పే మాట. విక్టోరియా స్క్వేర్, థేమ్స్‌వే కంపెనీల్లోకి డబ్బు ఎలా వెళ్లిందో, నిర్ణయాలు ఎక్కడ గాడి తప్పాయో అందులో ఉంది. ఈసారి తలుపు తెరిచే ఉంది. చదవాలనుకున్న ప్రతివాడూ చదివాడు. కానీ డబ్బు అప్పటికే టవర్లలో గడ్డకట్టింది.

2025 అక్టోబర్. లండన్ నుంచి ప్రకటన. సర్రేలోని కౌన్సిళ్లన్నీ రద్దవుతాయి. వాటి స్థానంలో రెండే వస్తాయి, తూర్పు సర్రే, పశ్చిమ సర్రే. వోకింగ్ పశ్చిమంలో కలుస్తుంది. దాని అప్పులో 50 కోట్ల పౌండ్లు ప్రభుత్వమే తీరుస్తుంది. ఇలాంటిది ఆ దేశంలో ఇంతకుముందు జరగలేదు. వోకింగ్‌లో ఊపిరి పీల్చుకున్నారు. పశ్చిమంలోనే చేరే గిల్డ్‌ఫర్డ్‌లో, వేవర్లీలో మాత్రం కాగితం, పెన్ను తీసుకుని లెక్కలు మొదలుపెట్టారు. ఎందుకంటే అదే కొత్త కౌన్సిల్‌లోకి స్పెల్‌థోర్న్ కూడా వస్తోంది, ఆఫీసు భవనాలు కొనడానికి చేసిన 100 కోట్లకు పైబడిన తన అప్పుతో సహా.

2027 ఏప్రిల్‌లో వోకింగ్ కౌన్సిల్ ఉండదు. 50 కోట్లు పోగా మిగిలిన అప్పు ఉంటుంది. ఆ హాల్లోంచి ఎప్పుడూ ఎవరూ బయటికి పంపని ఊళ్లవాళ్లు ఇప్పుడు అడుగుతున్నారు, అందులో మా వాటా ఎంత అని. ఆ అంకె ఇంకా ఎవరూ చెప్పలేదు.