వైమానికుని తలతొడుగు

యుద్ధచరిత్ర యనగనే మనకు సేనానుల పేర్లును, సంధుల తేదీలును జ్ఞప్తికి వచ్చును. యోధుడు తొడిగిన తొడుగును, కట్టిన పట్టెడయు చరిత్రయే యని తలచువారు కొలదిమంది. ఇంగ్లండు, అమెరికా మున్నగు దేశములలో రెండవ ప్రపంచయుద్ధమునాటి యోధవైమానికుల తలతొడుగులను, కంటియద్దములను, చేతితొడుగులను వెదకి కూర్చువారు పెక్కండ్రు గలరు. వానికై వేలంపాటలు జరుగును. ఇది ధనికుల వేడుకయే గాని విద్య యెట్లగునని కొందఱు అడుగుదురు. చూచెడి కన్నునుబట్టి అది వేడుకయు కావచ్చును, విద్యయు కావచ్చును అని మా యభిప్రాయము.

మొదట వస్తువు నెఱుగవలెను. 1940 లో బ్రిటిషు వాయుసేనవారు విరివిగా ధరించిన తలతొడుగునకు 'బి' రకమని పేరు. గోధుమవన్నె తోలుతో కుట్టిన ఆ తొడుగున చెవులకడ దిండ్లవలె ఉబ్బిన అరలుండును. వానిలో మాటలు వినిపించెడి యంత్రములను అమర్చి జిప్పుతో మూయుదురు. ముక్కును నోటిని కప్పెడి మఱియొక తొడుగు దీనికి తగులుకొనును. పదివేల అడుగులకు పైని గాలి పలుచనగుటచే ప్రాణవాయువు దానిగుండ రావలెను. మాటలు పంపెడి యంత్రమును అందులోనే యుండును. పేరునకు శిరస్త్రాణమే గాని యది తుపాకిగుండు నాపజాలదు. వినుటకును, పలుకుటకును, ఊపిరి తీయుటకును ఏర్పడిన సాధనమది.

సముద్రమున బడినవానిని తేల్చెడి చొక్కాయి కథ యింకను విచిత్రము. 1932 నాటి మచ్చు చొక్కాయి కంటికి సులభముగా ఆనని మబ్బువన్నెది. నీటిలో తేలుచున్నను వెదకువారికి కనబడకున్న లాభమేమి? అందుచే పెక్కుమంది వైమానికులు తమ చొక్కాయిలకు తామే పసుపురంగు పూసికొనిరి. 1941 నాటి మచ్చు పసుపువన్నెతోనే వెలువడెను. ఆ పూత చారలు గల పాతచొక్కాయి యొకటి చేతబట్టినచో ప్రాణభయము మనుష్యునకు నేర్పిన పాఠము మనకు ప్రత్యక్షమగును.

చేతితొడుగుల పాఠము అంతకంటె కఠినము. స్పిట్‌ఫైరు విమానములో ఇంధనపు తొట్లు వైమానికునికి ఎదుటనే యుండెను. అవి యంటుకొన్నచో మంట క్షణములో మొగమును చేతులను క్రమ్మును. 1940 సెప్టెంబరు 3 న రిచర్డు హిల్లరీ యను యువకుడు చేతులకు తొడుగులు లేకయే పోరాడుచు మంటలలో చిక్కి సముద్రమున బడెను. చేతులును, కనుఱెప్పలును కాలిపోయినవి. అతనివంటివారికి ఈస్టు గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రిలో న్యూజీలండు దేశీయుడగు ఆర్చిబాల్డు మెకిండో క్రొత్త చర్మము నతికి చికిత్స చేసెను. ఆ రోగులు 1941 లో 'గినీపిగ్ క్లబ్బు' అను సంఘము నేర్పఱచుకొనిరి. యుద్ధాంతమునకు సభ్యులు 649 మంది. అంతకంటెను మెచ్చదగినది ఆ యూరివారి నడవడి. రూపుమాసిన మొగములను జూచి వెఱగుపడక, జాలి చూపక, తోడివారినివలె ఇండ్లకు పిలిచి ఆదరించిరి. వికలాంగులను మూలగదిలో దాచెడి గృహములు దీనిని గమనింపవలెను. హిల్లరీ తన యనుభవమును 1942 లో గ్రంథముగా ప్రకటించి, మఱల విమానమెక్కి, 1943 జనవరిలో రాత్రివేళ జరిగిన ప్రమాదములో మరణించెను. అప్పటికతని వయస్సు 23.

కంటియద్దములు లేకపోవుటచే ఒకనికి కలిగిన కీడు లోకమునకు మేలైన కథ యొకటి గలదు. 1940 ఆగష్టు 15 న గోర్డన్ క్లీవరను వైమానికుడు కంటియద్దములు లేక పోరాడుచుండగా, తలపైనున్న పెర్‌స్పెక్సు కప్పు పగిలి తునుకలు కన్నులలో గ్రుచ్చుకొనెను. అతనికి చికిత్స చేసిన హెరాల్డు రిడ్లీ యను నేత్రవైద్యుడు, ఆ తునుకలు కంటిలో నిలిచియు పుండు కలిగింపకుండుట కనిపెట్టెను. ఆ యాలోచనయే పెరిగి 1949 నవంబరు 29 న లండనులో శుక్లము తీసిన కంట పెర్‌స్పెక్సు కటకము నమర్చుటకు దారితీసెను. నేడు మన యింటి పెద్దలు శుక్లమునకు శస్త్రచికిత్స చేయించుకొని కృత్రిమ కటకముతో మనుమల మొగములు చూచుచున్నారన్న ఆ క్లీవరు బాధకు అందు పాలు గలదు.

ఈ చరిత్రలో భారతీయులకును భాగము గలదు. 1940 లో ఇంగ్లండునకు వెళ్లిన మహీందర్ సింగు పూజీ తలపాగాను విడువక, దానిమీదనే వినికియంత్రములను తగిలించుకొని యుద్ధవిమానము నడపెను. 'బి' యనియు 'సి' యనియు రకములు లెక్కించెడి పట్టికలో ఆ తలపాగాకు అక్షరము లేదు. మఱియు, ఆ యేడు స్పిట్‌ఫైరులతో పోరాడిన 152 వ దళమునకు హైదరాబాదు దళమని పేరు. దాని చిహ్నము నిజాము ప్రభువుల తలపాగాయే. ఆ పేరు నిజాముగారి ధనదానమునకు గుర్తు. దానకీర్తి ప్రభువునకు దక్కినది. ఆ ధనమునకు మూలమగు చెమట తెలంగాణపు రైతుది, మరాఠ్వాడ రైతుది. వారి గుర్తు ఏ తొడుగుమీదను లేదు.

కావున సేకర్తకు ధర్మమొకటి గలదు. తోలుమీది చెమటమరకను, లోపల సిరాతో వ్రాసిన పేరును, పసుపుపూతను తుడిచి వస్తువును క్రొత్తదానివలె మెఱయించువాడు సాక్షి నోరు నొక్కినవాడే. అనామకమగు తొడుగునకు వీరుని పేరు తగిలించి అమ్మువాడు దొంగసాక్ష్యము పుట్టించినవాడు. కూలిన విమానముల చోట్లను త్రవ్వువారిలో అత్యాశ ప్రబలకుండ బ్రిటనులో 1986 లో చట్టము చేసిరి. ప్రభుత్వపు అనుమతి లేక అట్టిచోట త్రవ్వుట నేరము. ఆ మంటిలో లోహముతోపాటు ఒక తల్లి కొడుకును ఉండవచ్చును గదా!

ఖాళీ తొడుగును చేతబట్టినవాడు ముందుగా అడుగవలసినది దాని వెల కాదు. ఇందు ఎవని తల యుండెను, అతడు ఇల్లు చేరెనా, అతని నచటికి పంపినవారెవరు అని యడుగవలెను. ఈ ప్రశ్నలు పుట్టించిననాడు సేకరణము విద్య యగును. పుట్టింపనినాడు అద్దాల బీరువాలోని తోలుముక్కయే మిగులును.