ఎర్ర దీపం ఎవరి కోసం?

సబ్‌మెరైన్ సినిమాలు చూసేవాళ్ళకి ఒక సీను బాగా అలవాటు. కెప్టెన్ ఏదో ఆర్డరేస్తాడు, ఠక్కున లోపలి లైట్లన్నీ ఎర్రబడతాయి, వెనక మ్యూజిక్ పెరుగుతుంది. ఎరుపంటే ప్రమాదం కదా, అందుకే వేశారు కాబోలని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. మీరూ అలాగే అనుకుని ఉంటే సిగ్గుపడక్కర్లేదు. కానీ ఆ ఎర్ర వెలుగు పుట్టింది ప్రమాదం వల్ల కాదు, చీకటి వల్ల. దాని కథ కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పుకుంటే గానీ అర్థం కాదు.

వైజాగ్ వెళ్ళినవాళ్ళు ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ చూసే ఉంటారు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డున కూర్చుంది. సుమారు 91 మీటర్ల ఇనప గొట్టం, కిటికీ అన్నదే లేదు. ఈసారి వెళ్తే పెరిస్కోప్ దగ్గర ఒక్క నిమిషం ఆగి ఊహించుకోండి. అర్ధరాత్రి, నడిసముద్రం. లోపల ఉన్నవాళ్ళందరికీ వెలుగు కావాలి. మీటర్లు చదవాలి, వాల్వులు తిప్పాలి, పటం మీద గీతలు గీయాలి. పెరిస్కోప్‌కి కన్ను ఆనించిన ఒక్క మనిషికి మాత్రం చీకటి కావాలి. వెలుగులోంచి వచ్చి కన్ను ఆనిస్తే బయట అతనికి ఏమీ కనబడదు. ఒకే గదిలో, ఒకే సమయంలో, వెలుగూ కావాలి, చీకటీ కావాలి. రాత్రిపూట ప్రయాణించే ప్రతి ఓడకీ, పడవకీ ఉన్న చిక్కు ఇదే.

చిక్కు మనకి తెలియనిదేం కాదు. మ్యాట్నీకి ఆలస్యంగా వెళ్ళి, ఎండలోంచి హాల్లోకి అడుగుపెట్టి, ఎవరి కాళ్ళో తొక్కుతూ సీటు వెతుక్కున్న అనుభవం అందరికీ ఉండే ఉంటుంది. పది నిమిషాలయ్యాక చూస్తే హాలంతా చక్కగా కనిపిస్తూనే ఉంటుంది! మన కంట్లో రెండు రకాల కణాలున్నాయి. స్కూల్లో చదువుకున్నాం గుర్తుందా, కోనులు, దండాలు. కోనులు సుమారు 60 లక్షలు. పగటి చూపు, రంగులు వాటి పని. దండాలు సుమారు 12 కోట్లు. వాటికి రంగు తెలీదు గానీ, గుడ్డి వెలుగులో కూడా పని చేస్తాయి. ఎటొచ్చీ వెలుగు తగిలాక అవి మళ్ళీ పూర్తిగా తేరుకోవడానికి అరగంట దాకా పడుతుంది. పాడైపోవడానికి మాత్రం కొన్ని క్షణాలు చాలు.

ఇంకో తమాషా ఏమిటంటే, మనం సూటిగా చూసే చోట, అంటే రెటీనా నట్టనడుమ, దండాలే లేవు. పెళ్ళిలో అరుంధతిని చూపిస్తారు కదా (మిట్టమధ్యాహ్నం పెళ్ళయినా చూపించేస్తారు, అది వేరే సంగతి). నిజంగా రాత్రిపూట చూడాల్సి వస్తే, సూటిగా కాకుండా కాస్త పక్కకి చూస్తే ఆ మినుకు బాగా తెలుస్తుంది. ఓడల మీద రాత్రి కాపలా కాసేవాళ్ళకి నేర్పేదీ ఇదే.

ఇక ఎరుపు సంగతి. మునిమాపు వేళ పెరట్లో మందార చెట్టుని చూడండి. పగలు కళ్ళు జిగేలుమనిపించిన ఎర్ర పువ్వు చీకటి పడుతుంటే నల్లబడిపోతుంది. పక్కనున్న ఆకులు మాత్రం ఇంకా తేటగానే ఉంటాయి. ఈ మార్పుని శాస్త్రం దృష్టికి తెచ్చినవాడు చెక్ దేశపు పుర్కిన్యే, 1825లో. చీకట్లో కన్ను ఎరుపుని ముందుగా వదిలేస్తుందన్నమాట. ఎందుకో ఆయనకి తెలీదు. తర్వాత 1876లో ఫ్రాంజ్ బోల్ అనే జర్మన్ కప్ప కళ్ళ మీద పని చేస్తూ, రెటీనాలో వెలుగు పడితే వెలిసిపోయే ఒక రంగు పదార్థాన్ని కనిపెట్టాడు. దండాల్లో ఉండేది అదే, ఇప్పుడు రొడాప్సిన్ అంటున్నాం. అది నీలం-ఆకుపచ్చ వెలుగుని బాగా పీల్చుకుంటుంది, ముదురు ఎరుపుని దాదాపు పట్టించుకోదు. అంకెల్లో చెప్పాలంటే, 650 నానోమీటర్ల ఎర్ర వెలుగు దగ్గర దండాల సున్నితత్వం వాటి గరిష్ఠంలో వెయ్యో వంతు కూడా ఉండదు. కోనులకి మాత్రం గరిష్ఠంలో పదో వంతు మిగిలే ఉంటుంది. అంటే ఎర్ర దీపం కింద కోనులు చదువుకుంటాయి, దండాలు నిద్రపోతాయి. పాతకాలం ఫోటో స్టూడియో డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు గుర్తుందా? ఇదీ అదే కిటుకు. అక్కడ కాయితం, ఇక్కడ కన్ను.

ఈ కిటుకుని మొదట వాడుకున్నది నావికులు కాదు, డాక్టర్లు. తొలిరోజుల ఎక్స్‌రే తెర మీద బొమ్మ చాలా మసగ్గా ఉండేది. చూడాలంటే ముందు కళ్ళు చీకటికి అలవాటు పడాలని ఫ్రాన్స్‌లో బెక్లేర్ 1899లోనే చెప్పాడు. రోగికీ రోగికీ మధ్య డాక్టర్ చీకటి గదిలో ఖాళీగా కూర్చోవాలంటే కుదిరే పనా? 1916లో జర్మనీలో ట్రెండెలెన్‌బుర్గ్ ఎర్ర అద్దాల కళ్ళజోడు పెట్టుకోమన్నాడు. అది పెట్టుకుని బయట వెలుగులో తిరగొచ్చు, చదువుకోవచ్చు. తీసేసి గదిలోకెళ్తే కళ్ళు సిద్ధంగా ఉంటాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ కళ్ళజోడు పైలట్ల ముక్కుల మీదికొచ్చింది. యేల్ విశ్వవిద్యాలయం మనస్తత్వవేత్త వాల్టర్ మైల్స్ దీని మీద పని చేసి 1943లో ప్రచురించాడు. అమెరికన్ సబ్‌మెరైన్లలో రాత్రిపూట గదులకే ఎర్ర దీపాలొచ్చాయి. ఎంత అవసరమొచ్చిందో తెలియాలంటే 1942 ఆగస్టు 8-9 రాత్రి సావో దీవి దగ్గర జరిగింది చూడాలి. రాత్రి యుద్ధం కోసం ప్రత్యేకంగా తర్ఫీదైన జపాన్ కాపలాదార్లకి కాపలా తిరుగుతున్న అమెరికన్ డిస్ట్రాయర్ బ్లూ కనబడింది. రాడార్ ఉండి కూడా బ్లూకి వాళ్ళు కనబడలేదు. ఆ రాత్రి మిత్రపక్షాల భారీ క్రూయిజర్లు నాలుగు మునిగాయి, వెయ్యిమందికి పైగా చచ్చిపోయారు. ముందు ఎవరి కంటబడతామన్నది అక్కడ ప్రాణాలకి సంబంధించిన ప్రశ్న.

ఇంతవరకూ కథ అందంగానే ఉంది. కానీ ఏ పరిష్కారమైనా ఊరికే రాదు కదా, ఎర్ర దీపం కూడా బిల్లు వేసింది. ఎర్ర వెలుగులో తెల్ల కాయితమూ ఎర్రగానే ఉంటుంది, దాని మీద ఎర్ర సిరా గీత మాయమైపోతుంది. పటం మీద ప్రమాదాన్ని ఎర్రగా గుర్తుపెట్టుకుంటే, సరిగ్గా రాత్రిపూటే అది కనబడదు! సముద్ర పటాల్లో హెచ్చరికలకి ఊదా ఛాయ మెజెంటా వాడడానికి ఇదీ ఒక కారణం. రంగు రంగుల వైర్లు, పైపులు, మీటర్ల మీద రంగు గీతలు, అన్నీ ఒకటే అయిపోతాయి. పైగా కంటి కటకం ఎరుపుని మిగతా రంగులకన్నా కాస్త వెనక్కి ఫోకస్ చేస్తుంది. కుర్రాళ్ళు సర్దుకుంటారు. చత్వారం మొదలైన నా బోటి వాళ్ళకి సన్న అక్షరాలు ఎర్ర వెలుగులో చదవడమంటే శిక్షే. ఓడల్లో పటం చదివే పెద్ద ఆఫీసర్ల వయసు ఎంతుంటుందో వేరే చెప్పక్కర్లేదు.

అయినా నలభై ఏళ్ళ పాటు అది అలాగే నడిచింది. చివరికి 1980ల్లో అమెరికా నౌకాదళం సబ్‌మెరైన్ వైద్య పరిశోధనశాలలో లూరియా, కోబస్ అనే ఇద్దరు కూర్చుని ఎర్ర వెలుగునీ, బాగా తగ్గించిన తెల్ల వెలుగునీ పోల్చి చూశారు. తేలిందేమిటంటే, ఎరుపుకి కొంత మేలున్న మాట నిజమే. కానీ తెల్ల దీపాన్ని బాగా తగ్గించి వాడితే ఆ తేడా చిన్నది, దానికోసం పడే ఇబ్బంది పెద్దది. రంగు కన్నా వెలుగు ఎంతన్నదే అసలు లెక్క. తర్వాత సబ్‌మెరైన్లలో మసక తెల్ల దీపాలు మొదలయ్యాయి.

అదే కాలంలో విమానాల్లో కథ పూర్తిగా తిరగబడింది. పైలట్లకి నైట్‌విజన్ గాగుల్స్ వచ్చాయి. వాటికి ఎరుపు, దాని అవతలి పరారుణం అంటేనే ఎక్కువ సున్నితం. కంటిని కాపాడిన ఎర్ర దీపమే గాగుల్స్‌కి శత్రువైంది. దాంతో కాక్‌పిట్ లోపల నీలి-ఆకుపచ్చ దీపాలు పెట్టారు, మనిషి దండాలకి ఏది ఎక్కువ చెరుపో సరిగ్గా ఆ రంగువి! చూసే కన్ను మారింది, సరైన రంగు తారుమారైంది. ఇక 2004లో చేరిన అమెరికన్ సబ్‌మెరైన్ వర్జీనియాలో పెరిస్కోప్‌కి కన్ను ఆనించే పనే లేదు. పైన కెమెరాలు, కింద స్క్రీన్లు. చీకటి కావాల్సిన ఆ ఒక్క మనిషి కూడా లేకుండా పోయాడు.

మరి ఇప్పుడు సొంత పడవలో రాత్రి ప్రయాణం చేసేవాడు క్యాబిన్‌కి ఏ రంగు దీపం కొనాలి? ఎర్ర ఎల్‌ఈడీ వేసేసి పనైపోయిందనుకోవడం తేలిక. కానీ పక్కనే పటం చూపించే స్క్రీను ఫుల్ బ్రైట్‌నెస్‌లో వెలుగుతుంటే ఆ ఎరుపు వల్ల ఏం లాభం? పైగా పడవ ఎడమ పక్కన ఉండాల్సిన గుర్తు దీపం కూడా ఎరుపే. లోపలి ఎర్ర వెలుగు కిటికీలోంచి బయటికి కనబడితే ఎదుటి ఓడవాడు పొరబడొచ్చు. గుర్తు దీపాలని పోలిన దీపాలు, కాపలా చూపుకి అడ్డొచ్చే దీపాలు బయటికి చూపించకూడదని 1972 అంతర్జాతీయ నిబంధనల్లో 20వ నిబంధన చెబుతుంది. ముందు వెలుగు తగ్గించండి, స్క్రీను తగ్గించండి, పరదా వేయండి. రంగు సంగతి ఆ తర్వాత.

ఇదంతా చాదస్తం అనిపిస్తే ఒక్క విషయం. 2006 ఆగస్టులో ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఊజో అనే చిన్న తెరచాప పడవ రాత్రిపూట మునిగి ముగ్గురు చనిపోయారు. ఒక పెద్ద ఫెర్రీ దాన్ని తగిలి గానీ, దగ్గరగా వెళ్ళినప్పుడు అలల తాకిడికి గానీ మునిగి ఉంటుందని విచారణలో తేల్చారు. ఆ విచారణ ఎత్తి చూపిన వాటిలో ఒకటి, ఫెర్రీ మీద కాపలా ఉన్న మనిషి పెట్టుకున్నవి ఎండకి నల్లబడే రకం కళ్ళద్దాలని. చీకట్లో కూడా అవి కొంచెం వెలుగుని మింగేస్తాయి. రాత్రి సముద్రంలో ఆ కొంచెం కూడా లెక్కలోకొస్తుంది.

మా వృత్తిలో పాత కోడ్‌లో ఒక వింత లైను కనిపిస్తుంటుంది. ఎవరు రాశారో తెలీదు, ఎందుకు రాశారో కామెంట్ లేదు, తీసేస్తే ఏమవుతుందోనని ఎవరూ ముట్టుకోరు. పైగా కొత్త ప్రాజెక్టులోకి కూడా కాపీ చేసేస్తారు. ఎర్ర దీపం అలాంటి లైనే. రాసినవాళ్ళు తెలివైనవాళ్ళు, రాసిన రోజున అది సరైనదే. "పెరిస్కోప్ దగ్గరున్న మనిషి కన్ను కోసం" అన్న కామెంట్ మాత్రం దారిలో రాలిపోయింది. అది రాలిపోయాక మిగిలినవాళ్ళం ఎరుపంటే ప్రమాదమని, సబ్‌మెరైనంటే ఎరుపని మనకి తోచిన అర్థాలు పెట్టుకున్నాం.

కాబట్టి ఎవరైనా ఏ రంగు దీపం మంచిదని అడిగితే రంగు పేరు చెప్పకండి. ఎవరి కన్ను, ఏం చూడాలని? అని తిరిగి అడగండి.