మావిని గూర్చిన జ్ఞానచరిత్ర

అనకాపల్లి బెల్లమును పాకము పట్టి చేసిన చలిమిడిని సీమంతవేళ చూలాలి యొడిని బెట్టుట మన యిండ్లలో నేటికిని గల యాచారము. తల్లి తినినది బిడ్డకు జేరునను విశ్వాసమే దానికి మూలము. ఆ చేరు మార్గ మెట్టిదో తేటపడుటకు మాత్రము శతాబ్దములు పట్టెను.

తల్లి రసమును గొనిపోవు నాడితో శిశువు నాభినాడి కూడియున్నదనియు, ఆహారరససారము దానిగుండ బిడ్డకు జేరుననియు సుశ్రుతసంహిత శారీరస్థానము చెప్పినది. పాశ్చాత్యులలో గాలెను తల్లి నాళములే బిడ్డ నాళములతో గలియునని తలచెను. ఇటలీ దేశీయుడగు అరాంజియో 1564లో దానిని కాదనినను, నిరూపణము 18వ శతాబ్దమునగాని సిద్ధింపలేదు. లండనులో హంటరు సోదరులు గర్భవతులుగా మరణించినవారి నాళములలోనికి రంగుమైనము నెక్కించి, రక్తప్రవాహములు రెండును వేర్వేరనియు, వాని నడుమ మావి యున్నదనియు రుజువు చేసిరి; విలియం హంటరు గర్భాశయ చిత్రగ్రంథము 1774లో వెలువడెను.

రెండు రక్తములు కలియవన్నచో పోషణ మెట్లు సాగును? నా దృష్టిలో ఈ చరిత్రమునందలి యత్యంత రమణీయభాగ మీ ప్రశ్నతోనే మొదలగుచున్నది. బెల్లములోని చక్కెర తల్లి దేహమున గ్లూకోజుగా మారి, ఆమె రక్తమున హెచ్చుగా నుండుటచే, మావిపొరయందలి వాహక ప్రోటీనుల సాయమున, తక్కువగానున్న బిడ్డ రక్తమునకు దిగును. అమైనో ఆమ్లములు పల్లమునుండి మిట్ట కెక్కవలసినవి. మావి తన శక్తిని వెచ్చించి వానిని మోయుటచేతనే బిడ్డ రక్తమున వాని సాంద్రత తల్లి రక్తమునకన్న నధికమై యుండును. ఇనుము ట్రాన్స్‌ఫెరినుతో గూడి వచ్చి, మావిపైనున్న గ్రాహకముల నంటి, బిడ్డవైపే సాగును. తల్లి రక్తహీనయైనను బిడ్డ వంతు కొంతవరకు ముందుగానే తీయబడును.

ఫోలికామ్లపు కథలో తెలుగువారి పాత్ర గలదు. బొంబాయి గర్భిణుల రక్తహీనత ఈస్టు సారముతో నయమగునని లూసీ విల్సు 1931లో ప్రకటింపగా, అందలి గుణకారియగు ఆ పదార్థమును 1945లో, భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాల కృత్రిమముగా నిర్మించెను. మావి దీనిని సైతము తల్లి రక్తమునకన్న మిన్నగా బిడ్డ రక్తమున కూర్చును.

అయినను తల్లియందు లేనిదానిని మావి సృజింపజాలదు. 1918లో కూనూరున పుట్టి 1958లో హైదరాబాదు చేరిన నేటి జాతీయ పోషకాహార సంస్థ, 1987 - 90 నడుమ నగరసమీప గ్రామములలో గర్భిణులకును పసివారికిని అదనపు ఆహారమిచ్చి పరిశీలించెను. ఆ బిడ్డలు కౌమారమున, అట్టి యాహార మందని గ్రామములవారికన్న కొంచెము పొడవుగను, ధమనుల బిగువు తక్కువగను, ఇన్సులినునకు మెరుగుగా స్పందించు దేహముతోను కానవచ్చిరి. అందు మావి యిచ్చిన దెంత, పుట్టినపిదప తినిన దెంత యనునది యా పరీక్ష వేరుపరుపలేదు. తల్లి పళ్లెమునుండియే లెక్క మొదలిడవలెనని మాత్రము సూచించినది.