కనుమనాటి విహారము, ఒలందుల పట్టణము

కనుమనాడు కాకియైనను కదలదని లోకోక్తి. కాని నెల్లూరి వారు ఆనాడే ఇల్లు వెడలుదురు. రంగనాయకస్వామి ఆలయము వెనుక పెన్నా ఇసుకతిన్నెలపై ఊరి దేవతలు వేంచేయగా, పులిహోర గిన్నెలతో, చంకబిడ్డలతో జనులు ఏటిపండుగకు తరలుదురు. మరునాడు ముక్కనుమ, అరవలకు కాణుం పొంగల్. ఆనాడు ప్రళయకావేరి సరస్సు దక్షిణపు కొననున్న పులికాట్ గ్రామమునకు విహారార్థులు గుంపులుగా చేరుదురు.

వారు చూడవచ్చునది ఒకప్పటి ఐరోపీయ పట్టణము. అరవీటి వేంకటపతిరాయల అనుమతితో 1610లో అచట కొట్టు పెట్టుకొనిన ఒలందులు (డచ్చివారు), పోర్చుగీసువారు దానిని ధ్వంసము చేసిన పిమ్మట, 1613లో గెల్డ్రియా కోటను నిర్మించి, 1690లో నాగపట్టణమునకు తరలువరకు చోళమండల తీరమంతటి వర్తకమును అచటనుండియే నడపిరి. చిరివేరు ఎరుపు దిగిన మన నేతబట్టలు ఓడలకెక్కి, తూర్పు దీవులలో లవంగములకు, జాజికాయకు, జాపత్రికి మారకమయ్యెను. కరవుకాలమున అమ్ముడుపోయిన మనుష్యులను ఆ దీవులలోని బతావియాకు బానిసలుగా ఎగుమతి చేసినదియు ఈ రేవే. విహారార్థులకు ఈ మాట చెప్పువారు అరుదు.

కోట నేలమట్టమైనది, మిగిలినది శ్మశానము. దాని వాకిట ఇరువైపుల రాతిలో చెక్కిన అస్థిపంజరములు నిలిచియుండును. పిల్లలు వానిని చూచి జడిసి, మరల చూడవలెనని తల్లుల కొంగులు లాగుదురు. లోపల ఒలందు భాషలో చెక్కిన సమాధిఫలకములపై తీగెలవంటి అలంకారములు, కులచిహ్నములు గలవు.

రైలు రాకమునుపు ఈ తీరమునకు దారి కాలువయే. 1806 నాటికి చెన్నపట్నమునుండి ఎన్నూరువరకు త్రవ్విన కాక్రేన్ కాలువను క్రమముగా ఉత్తరమునకు పొడిగించిరి. 1878లో దానికి గవర్నరు బకింగ్‌హాము పేరు పెట్టిరి. గాలియున్న తెరచాపతో, లేనిచో గడతో, గట్టుపై నడచు మనుష్యుల త్రాటితో పడవలు సాగెడివి. శ్రీహరికోట వంటచెరకుతోపాటు బాటసారులును ఆ పడవలలోనే పయనించిరి.

ఆ జలమార్గముననే దుర్గరాజపట్నము గలదు. 1626లో ఆంగ్లేయులు అచట కోఠీ కట్టి, ఫిరంగులు నిలిపి, దానిని ఆర్మగాన్ అనిరి. బట్టల బేరము ఆశించినట్లు సాగకపోగా, అచటి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణమునకు పోయి, దామెర్ల వేంకటాద్రి నాయకుని ఏలుబడిలోని మద్రాసుపట్నమున చోటు సంపాదించెను. మరుసటి యేడు కోఠీయంతయు అచటికి తరలెను. చరిత్రకు పులికాట్ కన్న ఇదియే పెద్దదని నా అభిప్రాయము. అయినను, చూపుటకు అస్థిపంజరపు బొమ్మయైనను లేని దుర్గరాజపట్నమునకు సెలవునాడు ఎవరును బండి కట్టరు; దాని కోఠీ తరలిపోయి వెలసిన చెన్నపట్నపు కడలియొడ్డున మాత్రము, కాణుం పొంగల్ సాయంకాలము, ఇసుక వేసిన రాలదు.