పేరు మధ్య ఖాళీ

నా పట్టికలో బాపట్ల ఎదురుగా సున్నా వచ్చింది. కనుపర్తి వరలక్ష్మమ్మ (1896–1978) పుట్టిన ఊరు, 1931లో ఆమె స్త్రీ హితైషిణీ మండలి స్థాపించిన ఊరు. అక్కడ సున్నా ఏమిటి? ఆ ఊరి స్త్రీలు పత్రికలకు దూరంగా ఉన్నారని అప్పటికే ఒక వాక్యం రాసేశాను కూడా.

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో తిరిగి పాత పత్రికల్లోని రచనల వివరాలు కార్డుల మీద రాసుకున్నాను. వాటిని కంప్యూటర్‌కెక్కించాక, వెతకడానికి చిన్న షెల్ స్క్రిప్ట్ రాసుకున్నాను. దానికిచ్చే మొదటి ఆర్గ్యుమెంట్ రచయిత పేరు, రెండోది ఊరు. వరసగా పేర్లు అందించి స్క్రిప్ట్‌ని నడిపించేది పైథాన్ ప్రోగ్రాము. పేరునీ ఊరునీ ఒకే వాక్యంగా అతికించి 'సిస్టమ్' ఫంక్షన్ ద్వారా షెల్‌కి పంపాను.

ఖాళీ కనిపిస్తే షెల్‌కి మాట అయిపోయినట్టే. కనుపర్తి రచయిత అయింది, వరలక్ష్మమ్మ ఊరైపోయింది! బాపట్ల మూడోదై, అడిగే దిక్కులేక పడి ఉంది. తప్పు జరిగిందన్న హెచ్చరిక లేదు, మర్యాదగా సున్నా అని జవాబొచ్చింది. తెనాలిలో చక్రపాణి, కొ.కు. మాత్రం చక్కగా దొరికారు, ఖాళీ లేని పేర్లు కదా. ఇంటిపేరు వదిలేసి ఒంటి పేరుతో చలామణీ అయ్యే వెసులుబాటు ఆ తరంలో ఎవరికి ఎంత ఉండేదో వేరే చెప్పాలా? పైగా కనుపర్తి ఆమె అత్తింటి పేరు. పుట్టింటివారు పాలపర్తివారు.

పనిని ముందే రాసిపెట్టుకుని, కావలసినప్పుడు పిలిచి, సరుకు చేతికివ్వడం పాత ఆలోచనే. 1952లో గ్రేస్ హాపర్ తయారుచేసిన ఏ-జీరోలో ప్రతి ఉపక్రమానికీ ఒక సంఖ్య ఉండేది. సంఖ్య, దాని వెంటే ఆర్గ్యుమెంట్లు రాస్తే చాలు. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసే మనిషే చెప్పాలి.

2004లో పైథాన్ 2.4తో వచ్చిన సబ్‌ప్రాసెస్‌లో ఆ సౌకర్యం ఉంది. ఆర్గ్యుమెంట్లను జాబితాగా ఇస్తే మధ్యలో షెల్ వాటిని విరవదు. పేరులో సెమీకోలన్ దూరినా అది కొత్త ఆజ్ఞ కాదు, పేరుగానే ఉంటుంది. స్క్రిప్ట్ లోపల కూడా డాలర్ ఒకటిని కొటేషన్లలో పెట్టాలి, లేకపోతే మళ్లీ ముక్కలే. ఇది నాకు రెండోరోజు తెలిసింది.

వరలక్ష్మమ్మ పేరు తెలుసు కాబట్టి అనుమానం వచ్చింది. తెలియని పేర్లయితే ఆ వాక్యం అచ్చయిపోయేదే. దాన్ని కొట్టేశాను, సున్నా కూడా పోయింది. కానీ నా కార్డులో పుట్టింటి పేరుకి గడే లేదు. ఆ గడి గీసుకుని మళ్లీ బాపట్ల వెళ్లాలి.