గని మరణాల కేసుల్లో ప్లీ బార్గెయినింగ్: గోదావరిఖని బాధిత కుటుంబాల సమ్మతికి రక్షణ ఎక్కడ?

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిని నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయారు. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబరు 16న, గోదావరిఖని 8ఏ గనిలో పైకప్పు కూలి మరో 10 మంది పోయారు. 2020 జూన్ 2న రామగుండం ఓసీపీ-1లో జరిగిన పేలుడుకు నలుగురు కాంట్రాక్టు కార్మికులు బలయ్యారు. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలి ముగ్గురు ప్రాణాలు విడిచారు. వారిలో భద్రతాధికారి కూడా ఉన్నారు. ఈ ఘటనల్లో ఎవరి తప్పు ఎంత అని తేల్చడం ఈ వ్యాసం పని కాదు. అడగదలచుకున్నది వేరు. ఇలాంటి మరణం నేరవిచారణ దాకా వచ్చి, నిందితుడు తప్పు ఒప్పుకుని శిక్ష తగ్గించమని కోరితే, ఆ ఒప్పందంలో చనిపోయిన కార్మికుడి భార్యకు, తల్లిదండ్రులకు చట్టం ఇచ్చిన చోటు ఎంత? భారతీయ నాగరిక్ సురక్షా సంహితను చదివినకొద్దీ ఆ చోటు చాలా ఇరుకుగా ఉందని తెలుస్తుంది. యజమానే పోషకుడు కూడా అయిన బొగ్గు ప్రాంతంలో ఆ ఇరుకు అన్యాయంగా మారే ప్రమాదం ఉంది.

ఇలా తప్పు ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే ప్లీ బార్గెయినింగ్‌ను మన న్యాయస్థానాలు మొదట్లో గట్టిగానే వ్యతిరేకించాయి. మురళీధర్ మేఘరాజ్ లోయా కేసులో 1976లో జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టారు. అది ఆహార కల్తీ కేసు. నిందితుడూ ప్రాసిక్యూషనూ కలిసి కుదుర్చుకునే శిక్ష సమాజ ప్రయోజనాన్ని దెబ్బతీస్తుందన్నది ఆయన అభ్యంతరం. 1980లో కాసంభాయ్ కేసులోనూ సుప్రీంకోర్టు అదే దారి పట్టింది. తర్వాత లా కమిషన్ 142వ, 154వ నివేదికలు, 2003 నాటి మలిమత్ కమిటీ దీనికి అనుకూలంగా మాట్లాడాయి. 2005 సవరణతో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 21-ఎ అధ్యాయం చేరి 2006 జులై 5 నుంచి అమలైంది. 'బాధితుడు' అనే మాటకు అదే కోడ్‌లో నిర్వచనం చేరింది మాత్రం 2009 చివరి రోజున. అంటే బాధితుడు ఎవరో నిర్వచించక ముందే బాధితుడి పేరుతో ఒప్పందాల అధ్యాయం రాసుకున్నాం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన సంహిత 289 నుంచి 300 వరకు సెక్షన్లలో ఆ అధ్యాయాన్నే దాదాపు యథాతథంగా తెచ్చిపెట్టుకుంది.

గని మరణాలు ఈ అధ్యాయం పరిధిలోకి వస్తాయా? వస్తాయి. ఏడేళ్లకు మించని శిక్ష గల నేరాలన్నింటికీ ఇది వర్తిస్తుంది. మహిళలపై, పిల్లలపై నేరాలు, దేశ సామాజిక ఆర్థిక స్థితిని దెబ్బతీసేవిగా కేంద్రం ప్రకటించిన నేరాలు మాత్రమే దీనికి మినహాయింపు. 2006 జులై 11 నాటి ప్రకటనలో 1884 పేలుడు పదార్థాల చట్టం ఉంది, గనుల చట్టం లేదు. నిర్లక్ష్యం వల్ల మరణానికి భారతీయ న్యాయ సంహిత 106(1) సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. గనుల చట్టం 72-సి కింద, ఉల్లంఘన వల్ల ప్రాణం పోతే, రెండేళ్ల ఖైదు లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ ఉండేవి. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఖైదును రెండేళ్లకే ఉంచి, జరిమానాను కనీసం 5 లక్షలు చేసింది. అందులో సగానికి తగ్గకుండా వారసులకు ఇప్పించే అధికారం కోర్టుకు ఇచ్చింది. ఇది మంచి మార్పు. అయితే ఈ నేరాలన్నీ ఏడేళ్ల గీతకు ఇవతలే ఉన్నాయి. కనీస శిక్ష లేని నేరానికి ఒప్పందం కుదిరితే గరిష్ఠ శిక్షలో నాలుగో వంతు, మొదటిసారి నేరమైతే ఆరో వంతు విధించవచ్చు. అంటే ఐదేళ్లు పదిహేను నెలలకు, లేదా పది నెలలకు దిగుతాయి. ప్రొబేషన్ ఇస్తే ఆ జైలూ ఉండదు.

శిక్ష తగ్గడం మీద నాకు పెద్దగా పట్టింపు లేదు. ఏళ్ల తరబడి వాయిదాలు తిరిగి చివరికి సాక్షులు దొరక్క కొట్టేసే కేసు కంటే, తప్పు ఒప్పుకుని పరిహారం చేతికిచ్చే ఒప్పందం ఒక వితంతువుకు మేలు కావచ్చు. అందుకే గని మరణాలను ఈ అధ్యాయం నుంచి తీసేయమని అడగడం లేదు. నా అభ్యంతరం ఒప్పందం కుదిరే తీరు మీద.

సెక్షన్ 290ని వరుసగా చూద్దాం. నిందితుడు దరఖాస్తు పెడితే కోర్టు నోటీసు పంపేది పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు లేదా ఫిర్యాదుదారుకు, నిందితుడికి. బాధిత కుటుంబానికి కాదు. తర్వాత న్యాయమూర్తి నిందితుణ్ని ఏకాంతంగా విచారించి, అతను ఇష్టపూర్వకంగానే వచ్చాడో లేదో తెలుసుకోవాలి. అప్పుడు ఎదుటి పక్షం అక్కడ ఉండకూడదు. నిజానికి ఇది చక్కటి రక్షణ. తృప్తి చెందితే, ఉభయసమ్మత పరిష్కారానికి 60 రోజులకు మించని గడువు ఇస్తారు. ఆ గడువు ఎవరికి అని రాసిన చోట కూడా బాధితుడి పేరు లేదు. పరిహారం పుచ్చుకునే మనిషిగా మాత్రమే ఉంది. సెక్షన్ 291 దగ్గరకొచ్చాక, సమావేశానికి పిలిచే సమయంలో, మొదటిసారి బాధితుడికి నోటీసు వెళుతుంది.

ఆ సెక్షన్‌లోనే మరో వింత. పోలీసు చార్జిషీటు మీద నడిచే కేసులో నిందితుడు తన వకీలుతో రావచ్చని చట్టం చెబుతుంది, బాధితుడి వకీలు గురించి మౌనం వహిస్తుంది. పోలీసులు కాకుండా నేరుగా కోర్టులో వేసిన ఫిర్యాదు మీద నడిచే కేసులోనైతే ఇద్దరూ వకీళ్లతో రావచ్చు. గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ (డీజీఎంఎస్) ఇన్‌స్పెక్టరు వేసే కేసు ఈ రెండో రకం. అదే బాయి, అదే మరణం. కేసు రామగుండం పోలీసులు పెట్టారా, గనుల ఇన్‌స్పెక్టరు పెట్టారా అన్నదాన్ని బట్టి మృతుడి ఇల్లాలి పక్కన వకీలు కూర్చునే హక్కు మారిపోతుంది. ప్రాసిక్యూషన్‌కు సాయంగా వకీలును పెట్టుకోవడానికి సెక్షన్ 18 కింద కోర్టు అనుమతించవచ్చు. అది కోర్టు దయ మీద ఆధారపడిన వెసులుబాటు.

ఈ లోటు ఎక్కడైనా లోటే. గోదావరిఖనిలో దీని బరువు వేరు. ఇక్కడ కుటుంబం ఉండేది సింగరేణి బొగ్గు గనుల కంపెనీ క్వార్టర్‌లో. క్షతగాత్రుణ్ని మోసుకెళ్లేది సింగరేణి ఏరియా ఆస్పత్రికి. కొడుక్కి రావలసిన కారుణ్య నియామకం, అది వద్దనుకుంటే నెలనెలా వచ్చే ఆర్థిక సాయం, గ్రాట్యుటీ, పింఛను కాగితాలు, అన్నీ కంపెనీ కార్యాలయాల్లోనే కదలాలి. నిందితుల జాబితాలో ఉండేది మేనేజరో, ఏజెంటో. వాళ్లు ఆ కార్యాలయాలకు అపరిచితులు కాదు. ఎవరూ బెదిరించనక్కర లేదు. కాగితం ఆగిపోతుందేమోనన్న భయం చాలు. అలాంటి మనిషి సమావేశంలో 'సరే' అంటే దాన్ని సమ్మతి అనడానికి చట్టం ఏ పరీక్ష పెట్టింది? ప్రక్రియ ఇష్టపూర్వకంగా సాగేలా చూడాలని కోర్టుకు ఒక సాధారణ బాధ్యత ఉంది. ఏకాంత విచారణ మాత్రం నిందితుడికే.

కాంట్రాక్టు కార్మికుడి ఇంటి పరిస్థితి ఇంకా కష్టం. వాళ్లకు కారుణ్య నియామకం హామీ లేదు. యూనియన్ నాయకులు మధ్యవర్తులుగా నిలబడి ఎక్స్‌గ్రేషియా మాట్లాడి పెడితే అంతే. ఆ మాటల్లో కుదిరిన మొత్తాన్నే రేపు కోర్టు ఒప్పందంలోనూ పరిహారంగా చూపితే, కేసుతో సంబంధం లేకుండా ముందే రావలసిన సొమ్ము శిక్ష తగ్గింపునకు మూల్యంగా మారిపోతుంది. దీన్ని అడ్డుకునే వాక్యం సంహితలో లేదు.

తర్వాతి దశల్లోనూ తలుపులు మూసుకునే ఉన్నాయి. దరఖాస్తులో నిందితుడు చెప్పిన విషయాలను ఈ అధ్యాయానికి తప్ప మరి దేనికీ వాడకూడదని సెక్షన్ 299 అంటుంది. నిందితుడి రక్షణకు అది అవసరమే. గని భద్రత కోణంలో మాత్రం నష్టం ఉంది. కప్పుకు సపోర్టు ఎందుకు నిలవలేదో ఒకరు ఒప్పుకున్నా, ఆ మాట పక్క బాయి కార్మికులకు పనికొచ్చే రికార్డు కాదు. సెక్షన్ 295 ప్రకారం ఆ తీర్పు మీద అప్పీలు లేదు. రాజ్యాంగం 136, 226, 227 అధికరణాల దారి మాత్రమే మిగులుతుంది. పరిహారం చాలలేదని అప్పీలు చేసుకునే హక్కు మామూలు తీర్పుల్లో బాధితుడికి ఉంది. 2018లో మల్లికార్జున్ కొడగలి కేసులో సుప్రీంకోర్టు బాధితుల అప్పీలు హక్కును ఉదారంగా వ్యాఖ్యానించింది కూడా. ఒప్పందపు తీర్పు దగ్గరకు వచ్చేసరికి ఆ ఇల్లాలు రెండు వందల కిలోమీటర్లు దాటి హైదరాబాద్‌లో రిట్ వేయాలి.

2022 ఏప్రిల్‌లో లఖింపుర్ ఖేరీ కేసులో, నేరం జరిగిన నాటి నుంచి ప్రతి దశలోనూ బాధితులకు తమ మాట వినిపించే హక్కుందని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ప్రాసిక్యూషన్ ఉపసంహరణకు ముందు బాధితుల మాట వినాలని సంహిత 360వ సెక్షన్‌లో కొత్తగా రాశారు. అదే శ్రద్ధ ప్లీ బార్గెయినింగ్ అధ్యాయం మీద పెట్టలేదు. హక్కును కాగితం మీద రాయడమే చాలదని అమెరికా అనుభవం చెబుతుంది. అక్కడ 2004లోనే నేరబాధితుల హక్కుల చట్టం వచ్చింది. అయినా 2007లో ఫ్లోరిడాలో లైంగిక నేరాల నిందితుడు జెఫ్రీ ఎప్‌స్టీన్‌తో ప్రాసిక్యూటర్లు కుదుర్చుకున్న ఒప్పందం బాధిత అమ్మాయిలకు తెలియనివ్వలేదు. 2019లో ఒక జిల్లా న్యాయమూర్తి అది చట్ట ఉల్లంఘనేనన్నారు. పై కోర్టు మాత్రం, ఫెడరల్ కేసు నమోదే కాలేదు గనుక ఆ చట్టం కింద దావా నిలవదని తేల్చింది.

అందువల్ల సవరణ నిర్దిష్టంగా ఉండాలి. దరఖాస్తు అందిన రోజే బాధిత కుటుంబానికి తెలుగులో నోటీసు వెళ్లాలి. నిందితుడికి ఉన్నట్టే బాధితురాలికీ ఏకాంత విచారణ ఉండాలి, యజమాని మీద ఆమె ఆధారపడిన తీరును న్యాయమూర్తి అక్కడ అడిగి నమోదు చేయాలి. అన్ని రకాల కేసుల్లో ఆమె పక్కన వకీలు ఉండాలి. ఉద్యోగం, పింఛను, చట్టబద్ధ నష్టపరిహారం ఒప్పందపు లెక్కలోకి రాకూడదు. ఒప్పుకున్న భద్రతా లోపం ఏమిటో తీర్పులో రాసి డీజీఎంఎస్‌కు పంపాలి. పరిహారం మేరకైనా అప్పీలు ఉండాలి. ఒప్పందాన్ని పూర్తిగా ఆపే అధికారం బాధితురాలికి ఇవ్వాలన్న వాదన నాకు సమ్మతం కాదు. అలా ఇస్తే ఒత్తిడంతా ఆమె సంతకం మీదే పడుతుంది. ఆమె మాట విన్నాక, ఎందుకు ఒప్పుకున్నారో ఎందుకు కాదన్నారో కారణాలు రాసే బాధ్యత న్యాయమూర్తిదే కావాలి.

క్రిమినల్ ప్రొసీజర్ ఉమ్మడి జాబితాలో ఉంది గనుక తెలంగాణ శాసనసభ రాష్ట్రపతి ఆమోదంతో సవరణ తేవచ్చు. అందాకా ఆగనక్కర లేని పని ఒకటుంది. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఏ మహిళ అయినా, పారిశ్రామిక ప్రమాద బాధితులూ, కార్మికులూ ఉచిత న్యాయసహాయానికి అర్హులు. గని మరణం కేసులో ప్లీ బార్గెయినింగ్ దరఖాస్తు వచ్చిన ప్రతిసారీ, సమావేశానికి ముందే, పెద్దపల్లి జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఒక వకీలును ఆ కుటుంబానికి కేటాయించాలని హైకోర్టు ఆదేశించాలి. గోదావరిఖని బార్ సభ్యులు, కార్మిక సంఘాలు ఈ కోరికను ముందుగా హైకోర్టు ముందు పెట్టాలి.